కొత్త కంప్యూటర్‌కు నా చందా ఇప్పుడే ఇవ్వను

పోస్టు కొంచెం పెద్దది. తిట్టేవాళ్లు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

మన స్టడీ సెంటర్‌కు కొత్త కంప్యూటర్ కొందామని గ్రూపులో పెట్టిన చందా లిస్టులో నా పేరు పక్కన ఖాళీ ఎందుకుందని ముగ్గురు అన్నలు ఫోన్ చేసి అడిగిన్రు. ఒక అన్న అయితే "ఉద్యోగం వచ్చినంక మర్చిపోయినవా తమ్మీ" అన్నడు. మర్చిపోలేదన్నా. పైసలు పక్కన పెట్టే ఉంచిన. కానీ పాతదానికి మనం ఏం చేసినమో కొత్తదానికీ అదే చేస్తమని నా భయం. ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు, కాబట్టి నేనే ఎత్తుతున్నా.

పోయిన వానాకాలం ఏమైందో గుర్తుందా? కంప్యూటర్ ఆన్ అయ్యేది, తెర నల్లగా ఆగిపోయేది. మనవాళ్లు ఆటోలో వేసుకుని టౌన్‌కు తీసుకుపోయిన్రు. షాపాయన "డేటా ఏమన్న ఉన్నదా" అని అడిగిండు. వెంట పోయిన తమ్ముడు "డెస్క్‌టాప్ మీద ఉన్నయి కాపీ చేయన్నా" అన్నడు. వాడికి తెలిసింది అంతే, వాడిని ఏమీ అనకండి. షాపాయన పార్టిషన్లన్నీ తీసేసి, ఒక్కటే చేసి, విండోస్ ఎక్కించి ఇచ్చిండు. సాయంత్రానికి కంప్యూటర్ ఉరికింది. మనం గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టినం. డీ డ్రైవ్ సంగతి ఎవరికీ నాలుగు రోజులదాకా యాదికి రాలేదు. ఆ నాలుగు రోజులు దాని మీద సినిమాలు కూడా ఎక్కించుకున్నం. ఫార్మాట్ అయిన డిస్కు మీద కొత్త ఫైళ్లు పడేకొద్దీ పాతవి కిందనే సమాధి అయితయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికితే పేర్లు దొరికినయి, తెరిస్తే గరగర తప్ప ఏం లేదు.

అందులో ఉన్నది ఏంటిది? పర్ధాన్ తాత కిక్రి వాయిస్తూ చెప్పిన మన సగల కథలు, పదకొండు గంటల రికార్డింగు. దండారికి ఆడవాళ్లు పాడిన పాటలు. రెండు గూడేల పోడు క్లెయిముల స్కాన్లు. తాత ఆ యేడు ఎండాకాలమే పోయిండు. ఇంకోసారి కూర్చోబెట్టి పాడిద్దామంటే మనిషి లేడు.

స్కాన్లే కదా, కాగితాలు ఊర్లో ఉంటయి అంటారు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరించిన క్లెయిముల వాళ్లను ఖాళీ చేయించమన్నది, 28న మళ్లీ దాన్ని నిలిపేసింది. ఆ పదిహేను రోజులు ఊర్లల్లో ఎట్లుండెనో పెద్దోళ్లను అడగండి. తిరస్కరణ కాగితం ఎక్కడుంది, గ్రామసభ తీర్మానం ఎక్కడుంది అని పెట్టెలు, చూరులు వెతికిన్రు. స్కానింగ్ మొదలుపెట్టిందే ఆ వెతుకులాట మళ్లీ రావద్దని.

షాపాయన మీద నాకు కోపం లేదు. ఆయన పని అదే. కోపం మన మీద. జ్వరమొస్తే ఒక గోలీ, కంప్యూటర్ ఆగితే ఫార్మాట్. "ఫార్మాట్ కొట్టిస్తే సరి" అని ఇదే గ్రూపులో ఎన్నిసార్లు చదివిన్నో! ఫార్మాట్ కొట్టించడం రిపేరు కాదు, ఇల్లు తగలబెట్టి నల్లులు పోయినయి అనడం.

దీనికి విరుగుడు ఉంది, పైసా ఖర్చు లేదు. డిస్క్ ఇమేజింగ్ అంటారు. కంప్యూటర్ మంచిగ నడుస్తున్న రోజే మొత్తం డిస్కును, అంటే విండోస్, డ్రైవర్లు, ప్రింటర్ సెట్టింగులు, ఫాంట్లు, పార్టిషన్లు, ఫైళ్లు, ఉన్నది ఉన్నట్టు ఇంకో హార్డ్ డిస్కు మీదికి తీసి పెట్టుకోవడం. రేపు అది ఆగిపోతే ఆ ఇమేజ్‌ను తిరిగి ఎక్కిస్తే ఆ రోజు ఎట్లుండెనో అట్లనే లేస్తది. ఫైళ్లు కాపీ చేసుకోవడం వేరు, ఇది వేరు. మన మిషన్‌లో గుంజాల గోండి ఫాంటు, తెలుగు కీబోర్డు పెట్టడానికి నేనూ ఇంకో తమ్ముడూ రెండు రోజులు కూర్చున్నం. ఫార్మాట్ అయినంక మిగిలిన ఒక్క గోండి ఫైలు తెరిస్తే అక్షరాల జాగాలో డబ్బాలు కనబడ్డయి. నార్నూర్ మండలం గుంజాలలో ఆ లిపి రాతప్రతులు ఇండ్లల్లోనే భద్రంగా ఉండబట్టి లోకానికి తెలిసింది, 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. మన పెద్దోళ్లు కాగితాన్ని కాపాడిన్రు. చదువుకున్న మనం హార్డ్ డిస్కును కాపాడలేకపోయినం.

నేను వాడేది క్లోనెజిల్లా. తైవాన్‌లోని ప్రభుత్వ కంప్యూటింగ్ కేంద్రం వాళ్లు తయారుచేసింది, ఉచితం. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దానితోనే బూట్ చేయాలి, అందుకే విండోస్ లేవకపోయినా పని చేస్తది. డిస్కులో నిండిన భాగాన్నే తీసుకుని కుదించి రాస్తది కాబట్టి 500 జీబీ డిస్కులో 80 జీబీ వాడి ఉంటే ఇమేజ్ ఆ 80 కంటే చిన్నగనే వస్తది. తెర చూస్తే భయమేస్తది, మౌస్ ఉండదు, అంతా ఇంగ్లీష్ అక్షరాలు. భయపడేవాళ్లకు రెస్క్యూజిల్లా ఉంది, బటన్లతో నడుస్తది, క్లోనెజిల్లా ఇమేజ్‌లను కూడా చదువుతది. పాత వీడియోలు చూసి మాక్రియమ్ ఉచిత వెర్షన్ కోసం తిరగకండి, 2024 మొదట్లోనే దానికి మద్దతు ఆపేసిన్రు.

"అన్నా, గూగుల్ డ్రైవ్ ఉండగా ఇదంతా ఎందుకు" అని ఒక చెల్లె అడిగింది. హైదరాబాద్‌లో హాస్టల్ వైఫై కింద కూర్చుని అడిగే ప్రశ్న అది. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మన గుట్ట మీద సిగ్నల్ కోసం చింతచెట్టు కిందికి పోయి నిలబడాలి, అక్కడి నుంచి పదకొండు గంటల ఆడియో ఎక్కించి చూపించు చెల్లీ. చిన్న స్కాన్లు ఎక్కిద్దాం, తప్పకుండా ఎక్కిద్దాం. కానీ డ్రైవ్ నీ కంప్యూటర్‌ను లేపదు.

ఇంకొకరు "విండోస్‌లో రిస్టోర్ పాయింట్ ఉంది కదా" అన్నరు. అది అదే డిస్కులో ఉంటది. డిస్కు పోతే అదీ పోతది. డిస్కు బాగున్నా నీ పాటలు, ఫొటోలు అది తిరిగి ఇవ్వదు. సీ డ్రైవ్ ఇమేజ్ తీసి డీ డ్రైవ్‌లో పెట్టేవాళ్లను కూడా చూసిన. రెండు పేర్లున్నా డిస్కు ఒక్కటే కదరా నాయనా.

ఇమేజ్ గొప్ప అని చెప్పి దాని ప్రమాదం దాస్తే నేనూ షాపాయన లెక్కనే అవుతా. రిస్టోర్ చేస్తే ఆ డిస్కు మీద అప్పుడున్నది మొత్తం తుడిచిపెట్టుకుపోతది. జనవరిలో ఇమేజ్ తీసి, జూన్‌లో రిస్టోర్ చేస్తే మధ్యలో రికార్డు చేసిన పాటలు గాల్లో కలుస్తయి. అందుకే కొత్త ఫైళ్లు వారం వారం విడిగా కాపీ చేయాలి, రిస్టోర్ ముందు ఉన్నవి బయటికి తీయాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి ఉంటరు కదా, విండోస్ లేవకపోయినా తీయొచ్చు. క్లోనెజిల్లాలో మొదట్లోనే డిస్కు నుంచి ఇమేజా, డిస్కు నుంచి డిస్కా అని అడుగుతది. రెండోది నొక్కి, ఏది దేని మీదికో తారుమారు చేస్తే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటది. వై నొక్కే ముందు డిస్కు సైజు, కంపెనీ పేరు ఇద్దరు చదవాలి, ఒక్కరు కాదు.

ఇంకొన్ని తిప్పలున్నయి. విండోస్ మామూలుగా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉంటది, క్లోనెజిల్లా ఒప్పుకోదు; షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. కొత్త లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెల కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. పాత 500 జీబీ డిస్కు తీసేసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇమేజ్ నేరుగా ఎక్కదు, ముందే పార్టిషన్ తగ్గించి ఇమేజ్ తీసుకోవాలి. క్రాక్ విండోస్, వైరస్ ఉన్న మిషన్‌ను ఇమేజ్ తీస్తే వైరస్‌ను కూడా భద్రపరిచినట్టే. కాబట్టి కొత్తది వచ్చిన మొదటి రోజే, సినిమాలు ఎక్కకముందే తీయాలి.

తీసిన ఇమేజ్ నిజంగా లేస్తదా అని చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ తుడిచేసిండు. వాళ్లకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నయి. అవసరమైన రాత్రి ఒక్కటీ సరిగ్గ పనిచేయలేదు. ఎవరో వేరే పని మీద అంతకు ఆరు గంటల ముందు తీసిన కాపీ దొరికి బయటపడ్డరు. వాళ్లకే అట్లయితే అల్మారాలో పెట్టి తాళం వేసిన మన హార్డ్ డిస్కును ఎవరు నమ్మాలి?

హార్డ్ డిస్కు ఎవరి దగ్గర ఉంటదనేది కూడా తేల్చాలి. అందులో మన ఆధార్లు, కుల ధ్రువపత్రాలు అన్నీ ఉంటయి. ఊరికే తిప్పే వస్తువు కాదు. కంప్యూటర్ పక్కనే పెడితే పిడుగు పడ్డా, కప్పు కారినా రెండూ ఒకేసారి పోతయి. నేననేది రెండు కొనాలని. ఒకటి సెంటర్‌లో, వైరు పీకేసి పెట్టెలో. ఇంకోటి పక్క ఊర్లో మనందరికీ నమ్మకమైన టీచరమ్మ ఇంట్లో. ఆమెను అడిగిన, సరే అన్నది.

"కంప్యూటర్‌కే పైసలు చాలడం లేదు, రెండు హార్డ్ డిస్కులా" అంటున్నరు. అయితే కంప్యూటర్ తక్కువది కొందాం. పాతది వాడినది కొందాం. లిస్టులో ఉన్న కలర్ ప్రింటర్, స్పీకర్లు కొట్టేద్దాం. అవి ఎవరు రాసిన్రో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

వచ్చే ఆదివారం పాత మిషన్ దగ్గర నేనుంటా. నా దగ్గర పాత ఖాళీ డిస్కు ఒకటుంది. ముందు ఇమేజ్ తీసి, ఆ ఖాళీ డిస్కు మీద ఎక్కించి, అది లేస్తదో లేదో అందరి ముందు చూద్దాం. ఫార్మాట్‌కు తీసుకుపోయిన తమ్ముడే కీబోర్డు దగ్గర కూర్చోవాలి, నేను పక్కన నిలబడి చెప్తా. తాత పాటలు ఎవరి ఫోన్‌లోనన్న ఒక్క ముక్క ఉన్నా, వాట్సాప్‌లో ఎవరికో పంపింది ఉన్నా, ఆ రోజు తీసుకురండి. లిస్టులో మొదటి లైనుగా రెండు హార్డ్ డిస్కులు రాసిన రోజు నా పేరు పక్కన అంకె పడుతది.