గొట్టం చివరి ఊరికి ఎటువంటి నీరు?

పావగడ తాలూకాలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివే మన కుటుంబాలకు ఎన్నో ఏండ్లుగా బోరు నీరే గతి. చూపునకు అద్దమువలె ఉండే ఆ నీరే, అందులోని ఫ్లోరైడు మూలంగా, పిల్లల పండ్లపై గోధుమరంగు మరకలు వేసి పెద్దల కీళ్లను బిగించింది. కాబట్టి తుంగభద్ర జలాశయపు వెనుక జలాలను ఇటు తెచ్చే పథకాన్ని అందరూ స్వాగతించారు. స్వాగతింపదగినదే. అయితే బోరు నీటి చిక్కు వేరు, జలాశయపు నీటి చిక్కు వేరు.

నదులలో, చెరువులలో కుళ్లిన ఆకులనుంచి, నాచునుంచి, మట్టినుంచి సేంద్రియ పదార్థము నీటిలో కరుగుతుంది. టీ డికాషనును బాగా పలుచన చేసినట్లు నీటికి లేత పసుపు ఛాయ వచ్చేది దీనివలననే. కరిగి ఉన్నది గనుక గుడ్డతో వడగట్టినా పోదు. దానంతటది పెద్ద హాని చేయదు; క్లోరిన్ కలిపిన తరువాతనే కథ మారుతుంది. ఈ రెండూ కలిసి క్లోరోఫారం వంటి ట్రైహాలోమీథేన్లు పుడుతున్నవని 1974లో నెదర్లాండ్స్ లోని రాటర్‌డామ్ నీటి సరఫరాలో పనిచేసిన యోహనెస్ రూక్ వెల్లడించాడు. ఏండ్ల తరబడి త్రాగితే కాన్సరు ముప్పు ఉండవచ్చునన్న అనుమానంతో అమెరికా 1979లో వీటికి హద్దు పెట్టింది. మన తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500, 2012 సవరణ ప్రకారం, క్లోరోఫారం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించరాదు.

అట్లని క్లోరిన్ మానుకొందామా? ఎంతమాత్రం కూడదు. వాంతిభేదులు రెండు రోజులలో ప్రాణం తీయగలవు. నా దృష్టిలో మనకు అసలు భయం మరొకటి. సేంద్రియ పదార్థము క్లోరిన్‌ను తినివేస్తుంది. శుద్ధికేంద్రంలో సరిపడ కలిపినా, మైళ్ల కొద్దీ గొట్టాలలో ప్రయాణించి కొస ఊరు చేరేసరికి ఏమీ మిగలకపోవచ్చు. కాలువ చివరి పొలానికి నీరందని బాధ రైతుకు తెలిసినదే. ఇది గొట్టం చివరి ఇంటి బాధ.

కనుక ముందు సేంద్రియ పదార్థమును తీసి, ఆపైన క్లోరిన్ కలపవలెను. పటిక కొంత తీస్తుంది. మన అవ్వలు కుండలో అరగదీసిన చిల్లగింజ బురదను దించేది గాని, తానూ కొంత సేంద్రియమును నీటిలో విడిచేది. మిగిలినదానికి శాస్త్రజ్ఞులు చూపిన దారులలో ఒకటి పూత ఇసుక. ఇసుకను ఇనుప లవణ ద్రావణంలో తడిపి వేడిచేస్తే ప్రతి రేణువుపైనా ఇనుప ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొరకు ధనావేశం, సేంద్రియ అణువులకు ఋణావేశం. నీరు ఇసుక గుండా దిగేటప్పుడు అవి పొరకు అంటుకొంటాయి. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బెంజమిన్, సహచరులు 1990లలో ఇటువంటి పూతలపై విస్తృతంగా పరిశోధించారు.

ఇసుకా ఇనుమూ చవకే, చిక్కు తరువాతి సేవలో ఉన్నది. క్షారగుణం పెరిగినకొద్దీ ఈ పూత పట్టు తగ్గుతుంది. ఫాస్ఫేటు వంటివి దానితో పోటీపడతాయి. నిండిన పూతను కాస్టిక్ సోడాతో కడిగి మరల సిద్ధం చేయవలెను. ఆ కడిగిన మురికిని ఎక్కడ పోయవలెను? మన నీరుగంటికి ఆ శిక్షణ ఎవరిస్తారు? ఫ్లోరైడు కొరకు పెట్టిన అల్యూమినా వడపోత పాత్రలకూ ఇటువంటి కడుగుడే కావలసి వచ్చేది. మా బడిలో అటువంటిదొకటి ఏడాది తిరగకుండానే మూలపడి, నేడు దానిలో సుద్దముక్కలు పెట్టుకొంటున్నాము. అందుచేత ఈ పూత ఇసుక పని ఊరూరా గాక శుద్ధికేంద్రంలోనే, జీతగాండ్ర పర్యవేక్షణలో జరుగవలెనని నా అభిప్రాయం.

ట్రైహాలోమీథేన్ల పరీక్షకు పెద్ద ప్రయోగశాల కావలెను. మిగులు క్లోరిన్‌ను మాత్రం పరీక్షా పెట్టెతో క్షణాలలో చూడవచ్చును. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండవలెను. తుంగభద్రకు కొత్తనీరు వచ్చే జూలై, ఆగస్టు నెలలలో ఆ పరీక్ష ట్యాంకు క్రింది కుళాయివద్ద గాక కొస వీధి కుళాయివద్ద చేయించి, ఆ అంకెను పంచాయతీ గోడపై వ్రాయించుమని గ్రామసభలో అడుగవచ్చును.