ఎదుటి మనిషి లేనిదే సాగని ఆట

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల మీద ఒక చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. సెల్‌ఫోన్ రమ్మీ పుణ్యమా అని అప్పులపాలైన ఇళ్లు మన గోదావరి తీరంలో తక్కువేం కాదు. ఆ కబురు విని ఇటు యానాంలో, అటు తాళ్లరేవులో హమ్మయ్య అనుకున్నవాళ్లు ఉన్నారు. బాగానే ఉంది. అయితే అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. పందెం లేకుండా సరదాకి ఆడుకునేవాటికి ‘ఆన్‌లైన్ సోషల్ గేమ్స్’ అని పేరు పెట్టారు. నలుగురితో కలిసే ఆటలని మనం అర్థం చేసుకోవాలి కాబోలు. ఆ ‘సోషల్’ అనే మాట దగ్గరే నాకు పేచీ.

సాయంత్రం ఆరు దాటాక యానాం అగ్రహారంలో ఓసారి అలా నడిచి చూడండి. ఇంకా కూల్చకుండా మిగిలిన అరుగుల మీద నలుగురు కుర్రాళ్లు వరసగా కూర్చుని కనబడతారు. నలుగురి తలలూ కిందికే. నలుగురూ ఒకే ఆటలో ఉన్నారు, ఒకే దీవిలో దిగారు, ఒకరినొకరు కాపాడుకుంటున్నారు కూడా. వాళ్లలో ఒకడిని అమ్మ అన్నానికి పిలిచిందనుకోండి. వాడు లేచిపోతాడు. మరుసటి ఆటలో వాడి చోటులోకి ముక్కూమొహం తెలియని ఇంకొకడు ఏ లక్నో నుంచో, పాట్నా నుంచో వచ్చి చేరతాడు. ఆట మాత్రం ఆగదు. ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చారో దానికి పట్టదు.

పిల్లలు చెడిపోయారంటూ పాడిందే పాట పాడటానికి ఇది రాయడం లేదు. కరోనా రోజుల్లో గడప దాటే వీలు లేనప్పుడు కుర్రాళ్ల స్నేహాలు నిలబడింది ఈ ఆటల్లోనే. కువైట్‌లో ఉన్న బావ, హైదరాబాద్‌లో చదువుకుంటున్న తమ్ముడు రాత్రి పదింటికి కలుసుకునేది అక్కడే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధిస్తే అదే ఆట 2021లో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో మళ్లీ పోయింది, 2023 మేలో మళ్లీ తిరిగొచ్చింది. ఆడేవాడికి అందులో ఏదో దొరుకుతోంది, లేకపోతే ఇన్నిసార్లు ఎదురుచూడడు. అదే 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నేరం చేసింది. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను ఆపించమని కేంద్రానికి లేఖ రాసింది. ఆ చట్టం ఎదుర్లంక వరకే. బాలయోగి వారధి దాటితే పుదుచ్చేరి. (వారధి దాటి ఇటు వచ్చేవాళ్లు మామూలుగా వేరే పని మీద వస్తారు, ఆ సంగతి ఇప్పుడొద్దు.)

చెప్పొచ్చేదేమిటంటే, ఆపడం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆ నలుగురినీ అదే అరుగు మీద ఒకరి మొహం ఒకరు చూసుకునేలా కూర్చోబెట్టగల ఆట ఏదైనా ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఉంది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం పుట్టిన ఆ 1974లోనే అమెరికాలో అది అచ్చయింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరివాడు గ్యారీ గైగాక్స్, మిన్నెసోటా వాడు డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేశారు. పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. మొదట వేసింది వెయ్యి పెట్టెలు. ఈ యాభై ఏళ్లలో అది ప్రపంచమంతా పాకింది. 1980లలో అక్కడి తల్లిదండ్రులు కూడా దాన్ని చూసి హడలిపోయారు. పిల్లలు మతులు పోగొట్టుకుంటున్నారని, దెయ్యాల పూజలు నేర్చుకుంటున్నారని గోల చేశారు. మనం పబ్జీని తిట్టినట్టే. తర్వాత ఆ గోల సద్దుమణిగింది. ఆట ఉండిపోయింది.

దీనికి గట్టిగా బల్ల కూడా అక్కర్లేదు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక వేషం ఎంచుకుంటారు. వేషమంటే రంగూ కిరీటం కాదు, నోటిమాటే. కథ నడిపేవాడు పరిస్థితి చెబుతాడు, ‘నువ్వేం చేస్తావ్?’ అని అడుగుతాడు. చేసేది ఫలిస్తుందో లేదో అనుమానమైతే పాచిక వేస్తారు. ఓడటం గెలవటం పెద్దగా ఉండదు. కథ ఎటు పోతుందో నడిపేవాడికి కూడా ముందు తెలియదు.

వాళ్ల కథల్లో కోటలు, సొరంగాలు, రాక్షసులు. మనకవి దేనికి? ఇలా అనుకోండి. గౌతమి పొంగింది. లంకలో ఓ ముసలమ్మ చిక్కుకుపోయింది. ఒకడు పడవ నడిపేవాడు, ఒకామె నర్సు, ఒకడు ఈత మాత్రమే వచ్చిన ఆకతాయి, ఇంకొకతె ఆ ముసలమ్మతో మాటల్లేని కోడలు. చీకటి పడుతోంది. పడవలో ముగ్గురికే చోటు. పడవవాడు ‘నేను ఏటికి అడ్డంగా పోను, ఎగువకి పోయి వాలుకి వదుల్తాను’ అంటాడు. అయితే గవ్వలు వెయ్యి అంటాడు కథ నడిపేవాడు. అష్టా చమ్మా ఆడే ఆ నాలుగు గవ్వలే. మూడో అంతకన్నా ఎక్కువో పడితే దాటినట్టు. రెండు పడింది. పడవ సుడిలో చిక్కింది. అందరూ ఒక్కసారి అరుస్తారు. అప్పుడు కోడలి వేషం వేసిన పిల్ల, అంతవరకు నోరు విప్పనిది, ‘నా చీర తాడుగా పనికొస్తుందా?’ అని అడుగుతుంది.

కథ నడిపేవాడు ఈ చీర సంగతి అనుకుని ఉండడు. కానీ కాదనలేడు. ఒక్క క్షణం ఆలోచించి ‘పనికొస్తుంది, ఏ చెట్టుకి కడతావ్?’ అంటాడు. కథ మలుపు తిరిగిపోయింది. ఈ ఆటకున్న ఆకర్షణ నా ఉద్దేశంలో ఇక్కడే ఉంది. ఆ పిల్ల రాకపోతే ఆ చీర లేదు, ఆ మలుపు లేదు. ఆమె రాలేదని తెలిస్తే మిగతావాళ్లు వచ్చేవారం దాకా ఆట వాయిదా వేసుకుంటారు. లక్నో నుంచి ఎవరినో తెచ్చి కోడలి వేషం కట్టించలేరు.

వీడియో గేముల్లోనూ ఇలాంటివి లేకపోలేదు. నిజానికి వేషం కట్టి కథలో తిరిగే కంప్యూటర్ ఆటలన్నీ ఈ కాగితం ఆటకి పుట్టిన పిల్లలే. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ నేరుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల మీదే కట్టింది. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉంటాయి, ఆడేవాడు ఎంచుకోవడానికి లెక్కలేనన్ని దారులుంటాయి. కానీ ఎన్ని రాసినా రాసిపెట్టిన దారులే. చీర తాడుగా పనికొస్తుందా అని అడగాలంటే ఆ ప్రశ్న ముందే ఒకరికి తట్టి ఉండాలి. పైగా దాన్ని ఒక్కరే రాత్రంతా కూర్చుని ఆడేయొచ్చు. అది దానికున్న గొప్ప సౌకర్యం, ఒప్పుకోవాల్సిందే. పది నిమిషాలు ఖాళీ దొరికితే చాలు. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరికీ టీ పెట్టక్కర్లేదు, సిగ్గరి పిల్లాడు ఎవరి ముందూ నోరు విప్పక్కర్లేదు. అరుగు ఆటకి నలుగురు కావాలి, మూడు గంటలు కావాలి, అందరికీ ఒకేసారి తీరిక కావాలి. ఈ బాదరబందీ అంతా లోపంగా కనిపిస్తుంది గానీ, నలుగురూ అంత తంటాలు పడి వచ్చారు కాబట్టే ఆ మూడు గంటలూ ఎవరూ లేచిపోరు.

ఇదంతా అమెరికా సరుకు, మనకెందుకు అనేవాళ్లకి ఒక మాట. అగ్రహారాల్లో పుట్టి పెరిగిన అవధానం ఏమిటి మరి? మధ్యలో ఒకరు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం వేసే కొద్దీ తర్వాతది వెయ్యొద్దని ఎదుటివాడు అడ్డుపడతాడు, అవధాని పక్క నుంచి తప్పించుకుంటాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడైతే పనిగట్టుకుని దారి తప్పిస్తాడు. పద్యం అర్థం కానివాళ్లు కూడా సభలో పొట్ట పట్టుకుని నవ్వేది అక్కడే. ముందే రాసుకుని వస్తే అది అవధానమే కాదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి కడియంలో పుట్టి, చదువు కోసం యానాం వచ్చినవారే. ఆ జంట రాసిన పాండవోద్యోగ విజయాలతోనే కదా, గోదావరి జిల్లాల్లో ఊరికో కృష్ణుడు, పేటకో దుర్యోధనుడు తయారయ్యారు! పగలు కొబ్బరికాయలు ఒలిచినవాడు రాత్రి రాయబారం నడిపాడు. వేషం కట్టడం మనకి కొత్తేమీ కాదు, అప్పటికప్పుడు మాట అందుకోవడమూ కొత్త కాదు. అమెరికావాళ్లు ఈ రెంటినీ పిల్లలు ఆడుకునేలా ఒక్కచోట చేర్చారు, అంతే.

ఇంకో అడ్డంకి ఉంది. పాచిక అనగానే మనకి శకుని గుర్తొస్తాడు. ధర్మరాజంతటివాడు ఆలిని ఒడ్డినది పాచికల మీదే. అంతెందుకు, సంక్రాంతి బరుల పక్కన గుండాట పందిట్లో జేబులు ఖాళీ చేసుకున్నవాళ్లని మనమంతా చూశాం. పిల్లలు గుండ్రంగా కూర్చుని గవ్వలు దొర్లిస్తుంటే దారినపోయే పెద్దాయన ఓ కసురు కసరడం ఖాయం. అక్కడ ఒడ్డింది ఏమీ లేదని, ఆ గవ్వ డబ్బు కోసం కాదు, పడవ ఒడ్డుకి చేరుతుందో లేదో తేల్చడానికని ఆయన్ని ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి చూపించాల్సి ఉంటుంది. కూర్చున్నాక ఆయనే ‘అలా కాదురా, వరదలో పడవ ఎలా కట్టాలో నన్నడుగు’ అంటే మరీ మంచిది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఉంది. ఇంగ్లిష్ మీడియం చదివే మన పిల్లలు తెలుగులో పోట్లాడుకోగలరు, బేరమాడగలరు. జరిగినదాన్ని వరసగా చెప్పమంటే మాత్రం నాలుగో వాక్యానికి ఆగిపోతున్నారు. ఫోన్ ఆటలో వాళ్లకి కావాల్సిన మాటలు పదో పదిహేనో: కవర్ ఇవ్వు, హీల్ చెయ్యి, వెనకాల ఉన్నాడు, రష్ రష్. అంతకు మించి అక్కర్లేదు, కంటికి అన్నీ తెరే చూపిస్తోంది కాబట్టి. కథల ఆటలో చూపించేది ఏమీ ఉండదు. లంక ఎలా ఉందో, గట్టు ఎక్కడ తెగిందో, నీళ్లు ఎంతలోతు వచ్చాయో, ముసలమ్మ ఏమందో... అన్నీ నోటితో చెప్పాలి, ఎదుటివాడి కళ్ల ముందు కట్టాలి. సరైన మాట దొరక్కపోతే పడవ కదలదు. రేవు, పంటు, ఏటిగట్టు, వాలు, సుడి లాంటి మాటలు పాఠంలో పెట్టి అర్థాలు రాయిస్తే రేపటికి మర్చిపోతారు. మునిగిపోయే పడవలో ఉన్నవాడు మర్చిపోడు.

ఆడపిల్లల సంగతి కూడా అనుకోవాలి. అరుగు మీద ఫోన్లతో కూర్చునేది మగపిల్లలే. ఆడపిల్ల ఆన్‌లైన్‌లో గొంతు వినిపిస్తే అవతలివాళ్లు ఏమేం కూస్తారో ఆడినవాళ్లని అడగండి. అందుకే చాలామంది మైకు ఆపేసుకుని ఆడతారు, లేదా మానేస్తారు. తెలిసినవాళ్లింటి వసారాలో, పెద్దవాళ్లు అటూ ఇటూ తిరుగుతుండగా ఆడే ఆటలో ఆ బెడద తక్కువ. లేదనను. కథ నడిపేవాడు పెత్తనం చెలాయిస్తే, నోరున్నవాడే అంతా మాట్లాడితే ఈ ఆట వీడియో గేము కన్నా విసుగు పుట్టిస్తుంది. అమెరికాలోనూ ఏళ్ల తరబడి ఇది మగపిల్లల గుంపు ఆటగానే నడిచింది. మొదటి నుంచే కథ నడిపే వంతు తలా ఒకసారి రావాలి.

అయ్యే ఖర్చు నాలుగు గవ్వలు, ఒక నోటుబుక్కు. నియమాల పుస్తకాలు ఇంగ్లిష్‌లో వందల పేజీలున్నాయి, అవి లేకుండానే మొదలుపెట్టొచ్చు. కావాల్సిందల్లా కథ చెప్పగల ఒక మనిషి. అలాంటివాళ్లు అగ్రహారంలో ఇంటికొకరున్నారు. రిటైరైన మాస్టార్లున్నారు. 1986 ఆగస్టు వరదని చూసిన తాతయ్యలున్నారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఇంటికప్పు ఎగిరిపోతుంటే పిల్లల్ని మంచం కింద దాచిన అమ్మమ్మలున్నారు. వాళ్లు ఆ రాత్రి గురించి ఊరికే చెబితే మనవడు ఫోన్ చూసుకుంటూ ఊ కొడతాడు. అదే ‘కప్పు లేచిపోతోంది, తలుపు గాలికి ఆగట్లేదు, నువ్వేం చేస్తావ్?’ అని అడిగితే ఫోన్ పక్కన పెట్టి ఆలోచిస్తాడు. ఏదో ఒకటి చెబుతాడు. ‘అప్పుడు మేమూ అదే చేశాం, కానీ...’ అని అమ్మమ్మ గవ్వలు అందిస్తుంది.

చోటు కావాలంటే గ్రంథాలయంలో ఓ గది, బడి వరండా, గుడి మండపం ఏదైనా సరిపోతుంది. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఎవరైనా తలుపు తీసి ఉంచితే చాలు. ఎదుర్లంక, ఇంజరం పిల్లల్ని కూడా రమ్మనొచ్చు. పంటు కోసం రేవులో కాచుకునే రోజులు పోయాయి, వారధి మీద ఆటోలు తిరుగుతున్నాయి.