ఐస్ చెక్కాలా? ముందు ప్లగ్గు చూడండి!

పెళ్లి రిసెప్షన్‌లో సలాడ్ కౌంటర్ మధ్య ఐస్‌తో చెక్కిన హంస కనిపిస్తే సెల్ఫీ దిగి ముందుకు పోతాం. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మీకు మాత్రం అదొక ఉద్యోగావకాశం. స్టార్ హోటళ్లలో చల్లని వంటకాలు చూసే గార్డ్ మాంజే విభాగానికి ఈ విద్య అదనపు బలం. ఈవెంట్ సంస్థలకూ పని తెలిసినవాళ్లు కావాలి. నేర్చుకోండి, మంచిదే. కానీ ఉలితోపాటు జాగ్రత్త కూడా పట్టుబడాలి. అది లేనిదే పని వచ్చినట్టు కాదు.

ముందు బరువు సంగతి. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగు చొప్పున ఉన్న ఐస్ ముక్కే సుమారు 26 కిలోలు తూగుతుంది. శిల్పానికి వాడే పెద్ద దిమ్మలు వంద కిలోలు దాటుతాయి. పైగా జారుడు. చేయి జారితే పట్టుకోబోకండి, పక్కకు తప్పుకోండి. దిమ్మ ఇంకొకటి వస్తుంది, వేళ్లు రావు.

మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీయగానే ఉలి పెడితే ఐస్ పగులుతుంది. పైనున్న తెల్లటి పొర పోయి గాజులా మెరిసేదాకా ఆగాలి. పని పూర్తయ్యాకా ప్రమాదం పోదు. శిల్పం కరిగేకొద్దీ దాని నిలకడ మారిపోతుంది. 2019 నవంబరులో లక్సెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లో ఐస్ శిల్పం కూలి రెండేళ్ల బాబు చనిపోయాడు. అందుకే శిల్పాన్ని పిల్లల చేతికి అందేంత దగ్గర్లో పెట్టొద్దు. మధ్యమధ్యలో వెళ్లి చూసుకోవాలి.

అసలు భయం కరెంటుది. చైన్‌సా, గ్రైండర్, కింద వెలిగే లైట్లు... అన్నీ నీళ్ల మధ్యే. షాక్ కొడితే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ లేని ప్లగ్గులో వైరు పెట్టకండి. కళ్లద్దాలు, జారని బూట్లు తప్పనిసరి. పొగ కోసం వాడే డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలుంటుంది. ఒట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. మూసిన గదిలో దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ప్రాణమే తీయొచ్చు.

‘కొత్తగా చేరి ఇవన్నీ అడిగితే పిరికివాడు అనుకోరా?’ అంటారా? అనుకోనివ్వండి. ‘ఏడింటికి గెస్టులొస్తారు, తొందరగా కానివ్వు’ అనే మాట ఎలాగూ వినిపిస్తుంది. తొందర వాళ్లది, చెయ్యి మీది. ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఈ మూడూ అడగండి: దిమ్మ ఎత్తడానికి ట్రాలీ, మనుషులు ఉన్నారా? ఆర్‌సీసీబీ ఉందా? దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? వీటికి సూటిగా జవాబు చెప్పే చోట చేరండి. నసిగితే ఇంకో చోటు చూసుకోండి. హంస తెల్లారేసరికి నీరైపోతుంది. ఆ చేతులతో మీరు ఇంకో ముప్పై ఏళ్లు పని చేయాలి.