చావింట్లో మైకెందుకు?

స్త్రీల సమాజం తరఫున గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆదరణ కూడికలకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. ఓదార్చడానికి వెళ్లిన మనమే ఆ ఇంటివాళ్ల గాయం రేపి వస్తున్నాం. ఇది చూసీ చూడనట్టు ఊరుకోవడం ఇక నావల్ల కావడం లేదు.

రోడ్డు ప్రమాదంలో కొడుకు పోయిన తల్లి షామియానా కింద కూలబడి ఉంటుంది. ఒక పాస్టర్ గారు మైకు అందుకుని ఇది దేవుని చిత్తం అంటారు. తర్వాత లేచినాయన, ప్రభువుకు ఇష్టమైన బిడ్డ గనుక తొందరగా పిలుచుకున్నాడంటారు. మరొకరు ఆ పిల్లాడి చావునే చూపించి, మీరు సిద్ధపడ్డారా అని వచ్చినవాళ్లను గద్దిస్తారు. అన్నీ వాక్యం ఆధారంగా చెప్పేవే. కంఠతా వచ్చిన వాక్యం నోటికి ఇట్టే అందుతుంది. ఎదుట ఉన్న మనిషి దాన్ని తట్టుకునే స్థితిలో ఉందా లేదా అని చూసే జ్ఞానం మాత్రం లోపల ఉండాలి.

బైబిల్లో, పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న యోబు పక్కన ఆయన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు రోజులు, ఏడు రాత్రులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఆ తర్వాత, పాపం చేసినవాడికే శిక్ష పడుతుందని అధ్యాయాల కొద్దీ ఎంతో భక్తిగా బోధించారు. యోబు గ్రంథం చివరి అధ్యాయంలో, తన గురించి సరిగ్గా మాట్లాడలేదని దేవుడు కోప్పడింది వీళ్ల మీదే.

యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. లాజరు పోయిన దుఃఖంలో మార్త, మరియ ఇద్దరూ యేసు దగ్గర ఒకే మాట అన్నారు: మీరు ఇక్కడుంటే మా తోడబుట్టినవాడు బతికేవాడని. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ ఏడుస్తుంటే తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన వాళ్ల మాటతోపాటు మనసునూ విన్నాడు.

మా సంఘంలో పెద్దగా చదువుకోని ఒకామె ఉంది. చావింటికి వెళ్తే ముందు వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుతుంది. ఒకసారి ఒక తల్లి పక్కన చేరి, "అబ్బాయికి ఏ కూరంటే ఇష్టమమ్మా?" అని అడిగింది. అప్పటిదాకా గొంతు పెగలని ఆ తల్లి గోంగూర దగ్గర మొదలుపెట్టి, కొడుకు గురించి చాలాసేపు చెప్పుకుంది.

జ్ఞానమున్న మాట ఎప్పుడూ మెత్తగానే ఉండాలని నేననను. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య పాశ్చాత్య మిషనరీల ఎదుటే నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులమే గానీ మాకు మీ స్నేహం కూడా కావాలని అడిగారు. కొందరికి అది రుచించలేదు. రెండేళ్ల తర్వాత ఆయనే దోర్నకల్ మొదటి బిషప్ అయ్యారు. ఆయన కఠినమైన మాట అన్నది బలవంతులతో. మనం అంటున్నది నేల మీద కూలబడిన తల్లితో.

సంఘ పెద్దలకు నా మనవి ఇది. ఆదరణ కూడికలో ఒక్కరే మాట్లాడాలి. వారు ముందే ఆ ఇంటికి వెళ్లి, కూర్చుని, విని రావాలి. రక్షణ పిలుపు ఆ రోజుకు వద్దు. మైకు అసలే వద్దు. ఇంటివాళ్లకు వినిపించడానికి మనిషి గొంతు చాలు.