పగడముల తొట్టె: తెల్లమచ్చల తెగులు

మన దేశమున గట్టి పగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్ష కలదు గనుక, ఈ మాటలు ముఖ్యముగా పరదేశములందు పగడముల తొట్టెలు పెట్టుకొన్న వారికి.

చేపల మేన ఉప్పురవ్వలవంటి తెల్లమచ్చలు పొడసూపగనే కొందఱు నీటిని వేడిచేయుదురు. మంచినీటి చేపలకు చెల్లిన ఆ పద్ధతి ఇచ్చట తగదు. పగడములకు 25, 26 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి హితము. 30 దాటి కొన్నాళ్లు నిలిచినచో, తమలోనుండి తమను పోషించు సూక్ష్మమైన నాచును వెడలగొట్టి అవి తెల్లబాఱును. పైగా వేడినీట ప్రాణవాయువు తక్కువ. మొప్పలు చెడిన చేపకు అది మఱింత కష్టము.

మచ్చలు రాలినంతనే రోగము కుదిరినదని సంతసింపరాదు. ఆ పరాన్నజీవి చేపను వీడి, అడుగున గుల్లకట్టి, అనేకములై వెలువడి మరల చేపలను వెదకును. చేప దొరకనిచో ఆ పిల్లలు ఒకటి రెండు దినములలో నశించును గాని, గుల్లలన్నియు ఒక్కమారే పగులవు. రాగి మందు ఆ పిల్లలను చంపును. రొయ్యలను, నత్తలను, పగడములను గూడ చంపును. కావున చేపలనన్నిటిని, ఆరోగ్యముగా కనబడువానిని సైతము, వేఱు తొట్టెకు మార్చి అచ్చటనే మందు వేయవలయును. పగడముల తొట్టెను 76 దినములు చేపలు లేకుండ ఉంచుట చాలమంది వాడుక. పిల్లలు మారాము చేయుదురు, వినరాదు.

వేసవిలో నీటిపై ఫ్యాను గాలి తగులనిచ్చినచో వేడిమి కొంత తగ్గును. ఇగిరినంత మేరకు ఉప్పులేని శుద్ధజలమునే పోయవలయును. ఉప్పు ఆవిరి కాదు గదా!