ఆల్బనీ ముందు కొన్నదేమిటి?

2006లో హైదరాబాద్ పత్రికలు తిరగేసినవాళ్లకు ఫ్యాబ్ సిటీ గుర్తుండే ఉంటుంది. శంషాబాద్ విమానాశ్రయానికి కాస్త అవతల, రావిర్యాల దగ్గర వెయ్యెకరాలకు పైగా భూమి. సెమ్‌ఇండియా అనే కంపెనీ. 300 కోట్ల డాలర్ల చిప్ ఫ్యాక్టరీ. టెక్నాలజీ ఇచ్చేది అమెరికా కంపెనీ ఏఎండీ. ఫ్యాక్టరీ కంటే ముందు ఆ పేరు రియల్ ఎస్టేట్ బ్రోచర్లలోకి ఎక్కింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ తర్వాత అక్కడికి సోలార్ కంపెనీలు వచ్చాయి, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు వచ్చాయి. చిప్పు మాత్రం రాలేదు.

అదే ఏడాది జూన్‌లో అదే ఏఎండీ న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి ఉత్తరాన, మాల్టా అనే చిన్న ఊళ్లో 320 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీ పెడతానంది. అది లేచింది. యజమాని మారి, పేరు మారి, ఇప్పటికీ నడుస్తోంది.

మనకెందుకు రాలేదంటే అందరూ చెప్పే జవాబు ఒకటుంది. కేంద్రం ప్రోత్సాహకాల విధానం 2007 మార్చి దాకా తేలలేదు, న్యూయార్క్ ఏమో 120 కోట్ల డాలర్ల రాయితీలు బల్ల మీద పెట్టింది. ఇది నిజమే. కానీ డబ్బు పెట్టే రాష్ట్రాలు, దేశాలు అప్పటికి చాలానే ఉన్నాయి. ఆల్బనీ అంతకు ముందే ఏం కొని పెట్టుకుందో చూడాలి.

ఆ ప్రాంతం అప్పటికి వెలిగిపోతున్నదేమీ కాదు. ఒకప్పుడు చొక్కాల కాలర్లు కుట్టి దేశమంతా పంపిన ట్రాయ్, జనరల్ ఎలక్ట్రిక్ నీడలో బతికిన షెనెక్టడీ, రెండూ ఫ్యాక్టరీలు పోగొట్టుకున్న ఊళ్లే. 1988లో ఆల్బనీ విశ్వవిద్యాలయంలో అలైన్ కాలోయెరోస్ అనే లెబనాన్ మూలాల భౌతికశాస్త్రవేత్త చేరాడు. ఆయన పట్టిన పట్టు ఒక్కటే: కంపెనీల్లో ఏ సైజు యంత్రాలున్నాయో అవే యూనివర్సిటీలోనూ ఉండాలి. 2001లో ఐబీఎం 10 కోట్ల డాలర్లు, రాష్ట్రం 5 కోట్ల డాలర్లు వేసి అక్కడ నానో ఎలక్ట్రానిక్స్ కేంద్రం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది జపాన్‌కు చెందిన టోక్యో ఎలక్ట్రాన్ 30 కోట్ల డాలర్ల పరిశోధన కేంద్రంతో వచ్చింది. 2004కల్లా నానో సైన్సుకే ప్రత్యేకంగా ఒక కాలేజీ వెలిసింది.

ఆ యంత్రాలుండే క్లీన్‌రూమ్, అంటే దుమ్ము చొరబడని గది, ఎలా ఉంటుందో చెప్పాలి. లోపలికి వెళ్లాలంటే తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటు, కళ్లు మాత్రమే కనపడతాయి. లితోగ్రఫీ, అంటే వెలుతురుతో చిప్ గీతలు అచ్చువేసే పని, జరిగే చోట దీపాలన్నీ పసుపు రంగువే. మామూలు తెల్ల వెలుతురులోని నీలం పాలు వేఫర్ అనే సిలికాన్ బిళ్ల మీది పూతను పాడుచేస్తుంది మరి. అన్నం పళ్లెమంత ఉండే 300 మిల్లీమీటర్ల వేఫర్లు, పెట్టెకు 25 చొప్పున, కప్పుకు బిగించిన పట్టాల మీద ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వాటంతటవే పోతుంటాయి. ఒక్కో యంత్రం కోట్ల డాలర్లు. ఇలాంటి గది ఏ కంపెనీకైనా ఒంటరిగా కట్టుకోవడం కష్టం. పోటీపడే కంపెనీలు సైతం వాటాలు వేసుకుని ఒకే కప్పు కింద పని చేసుకోవడానికి ఒప్పుకున్నది అందుకే. 2006లో చిప్ తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ కంపెనీ, ఇంకా సన్నటి గీతలు గీయగల ఈయూవీ లితోగ్రఫీ ప్రయోగ యంత్రాలు రెండే బయటికి పంపింది. ఒకటి బెల్జియంలోని ఐమెక్ పరిశోధన సంస్థకు, రెండోది ఆల్బనీకి. ఏఎండీ మాల్టాను ఎంచుకున్నది అదే సంవత్సరమని మరిచిపోవద్దు.

ఇక రాజకీయం సంగతి. గవర్నర్ జార్జ్ పటాకీ, సెనేట్ నాయకుడు జోసెఫ్ బ్రూనో రిపబ్లికన్లు. అసెంబ్లీ స్పీకర్ షెల్డన్ సిల్వర్ డెమొక్రాట్. బడ్జెట్టు మీద వీళ్ల కీచులాటలు జగద్విదితం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఒక్క మాట మీద నిలిచారు. పటాకీ దిగిపోయాక వచ్చిన డెమొక్రాట్ గవర్నర్లూ ఆ పని ఆపలేదు. మన దగ్గర ప్రభుత్వం మారితే పథకం సంగతి సరే, ముందు బోర్డు రంగు మారుతుంది.

నాయకుల ఫొటోల్లో కనపడని వాళ్లు ఇంకొందరున్నారు. 1999లో నార్త్ గ్రీన్‌బుష్ అనే ఊరు చిప్ ఫ్యాక్టరీ మాకొద్దని తిప్పికొట్టింది. ఆ దెబ్బ తిన్నాక సారటోగా కౌంటీ అభివృద్ధి సంస్థవాళ్లు మాల్టా, స్టిల్‌వాటర్ ఊళ్లలో ఏళ్ల తరబడి సభలు పెట్టారు. నీళ్లెన్ని కావాలి, లారీలు ఏ దారిన వస్తాయి, అడవి ఎంత మిగులుతుంది అని అడిగినవాళ్లకు కూర్చుని జవాబు చెప్పారు. 2004లో రెండు ఊళ్ల బోర్డులూ అనుమతి ఇచ్చాయి. అప్పటికింకా ఏ కంపెనీ వస్తుందో కూడా తెలియదు! ఫ్యాక్టరీ కడుతుండగానే హడ్సన్ వ్యాలీ కమ్యూనిటీ కాలేజీ మాల్టాలోనే శిక్షణ కేంద్రం తెరిచింది. రెండేళ్ల కోర్సు, మన పాలిటెక్నిక్ డిప్లొమా లాంటిది. చిప్ ఫ్యాక్టరీని నడిపే చేతుల్లో డాక్టరేట్ల కంటే ఆ డిప్లొమాలే ఎక్కువ.

ఇంత చెప్పాక రెండో వైపూ చెప్పకపోతే మోసమవుతుంది. కాలోయెరోస్ రాష్ట్ర ఉద్యోగులందరిలో ఎక్కువ జీతగాడయ్యాడు. ఫెరారీ కారు, దాని నంబరు ప్లేటు మీద ‘డాక్టర్ నానో’. యూనివర్సిటీ కాంట్రాక్టులను ముందే తనిఖీ చేసే అధికారాన్ని 2011లో రాష్ట్ర ఖాతాలు చూసే కంప్ట్రోలర్ చేతిలోంచి తీసేశారు. ఆపైన నానో పేరు చెప్పుకుని డబ్బు నానో కాని చోట్లకు పారింది. సిరక్యూస్ దగ్గర సినిమా స్టూడియోను దాదాపు 1.5 కోట్ల డాలర్లు పెట్టి కట్టి, 2018లో దాన్ని కౌంటీకి ఒక్క డాలరుకు అప్పజెప్పారు. బఫెలోలో సోలార్ ఫ్యాక్టరీకి 95 కోట్ల డాలర్ల పైమాటే. టెండర్లను కావలసినవాళ్లకు అనుకూలంగా రాయించారని 2018లో జ్యూరీ కాలోయెరోస్‌ను దోషిగా తేల్చింది. ఆ అభియోగం నిలబడ్డ న్యాయసూత్రమే చెల్లదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. శిక్ష పోయింది గానీ, ఆ టెండర్ల నిర్వాకం మంచిదని కోర్టు ఎక్కడా అనలేదు.

నా లెక్క ప్రకారం ఈ రెండు ముఖాల మధ్య తేడా ఒక్కచోటే ఉంది. పది మందీ వాడుకునే యంత్రాల మీద పెట్టిన డబ్బు నిలిచింది. ఒక్క కంపెనీ కోసం కట్టిన గోడల మీద పెట్టినదానికి ఆ భరోసా లేదు. ఏఎండీ తన ఫ్యాక్టరీలను వేరుచేసి 2009లో గ్లోబల్ ఫౌండ్రీస్‌కు వదిలేసింది. ఆ గ్లోబల్ ఫౌండ్రీస్ 2018లో 7 నానోమీటర్ల చిప్పుల పని మానుకుంది. ఆల్బనీ క్లీన్‌రూమ్ మాత్రం ఉంది. 2021లో ఐబీఎం 2 నానోమీటర్ల చిప్ చూపించింది అక్కడే.

మరి మనం? కేంద్రం 2007లో 1,000 కోట్ల రూపాయలతో నానో మిషన్ పెట్టింది. ఏ కాలేజీ విద్యార్థి అయినా వెళ్లి క్లీన్‌రూమ్ వాడుకునే పథకం 2008లో బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబై ఐఐటీల్లో మొదలైంది. ఇప్పుడది 6 సంస్థలకు పాకింది, వాటిలో తెలుగు రాష్ట్రాలది ఒక్కటీ లేదు. వరంగల్ కుర్రాడైనా కాకినాడ అమ్మాయైనా రైలెక్కాల్సిందే. రావిర్యాలకు దగ్గర్లోనే, బాలాపూర్‌లో, నానో పదార్థాల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఉంది. దాని పక్కన ఇలాంటి ఉమ్మడి గది ఒకటి కట్టడానికి వెయ్యెకరాలు అక్కర్లేదు.

2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరు చేసింది. సంతోషం. దానికిచ్చే రాయితీలతో పాటు దగ్గరి పాలిటెక్నిక్‌లో ఒక కోర్సుకూ, పది మందీ వాడుకునే ఒక ల్యాబుకూ నిధులు రాసిపెట్టారా, ఆ టెండర్లను ముందే తనిఖీ చేసేదెవరు అన్న ప్రశ్నలు శాసనసభలో అధికార పక్షం వాళ్లే ముందు వేస్తే బాగుంటుంది. ప్రతిపక్షం వేస్తే అభివృద్ధి నిరోధకులంటారు.