ఊపిరాడని పెట్టె

"తమ్ముడూ, ఒకసారి వచ్చి వెళ్లు. గాజులు బ్యాంకులో పెట్టే ముందు నీ చెవిన ఒక మాట వెయ్యాలి" అని మా అక్కయ్య ఫోను చేసింది. అక్కయ్యకు ఉన్నవి రెండు జతల గాజులు. బావగారు పోయిన తరువాత ఒక జత పిల్ల పెళ్లిలో కరిగిపోయింది. మిగిలిన జతకు కూడా ముప్పు తెచ్చిన ఉపద్రవం ఏమిటా అని ఆ మధ్యాహ్నమే అమలాపురంలో బస్సెక్కి, బోడసకుర్రు వంతెన దాటి, రాజోలులో దిగాను.

ఉపద్రవం బల్ల మీదనే ఉన్నది. మా మేనల్లుడి ల్యాప్‌టాప్! మామూలుది కాదు, గేమింగ్ ల్యాప్‌టాప్. కొని నాలుగేళ్లయింది. పగలు దాని మీద పెళ్లి వీడియోలు కూర్చి అమలాపురం, కొత్తపేట స్టూడియోలకు ఇస్తాడు. రాత్రిళ్లు దాని మీదనే ఆటలాడతాడు. పగటి సంపాదన సంగతి ఎలా ఉన్నా, రాత్రి ఆట సంగతి అక్కయ్యకు బాగా తెలుసు. అందుచేత ఆవిడ దానిని "ఆటల పెట్టె" అనే అంటుంది.

ఆ పెట్టె నెల రోజులుగా మొరాయిస్తున్నది. వీడియో తయారీ మొదలుపెట్టిన పావుగంటకు విమానం లేచినట్టు చప్పుడు. ఆ తరువాత నత్తనడక. ఆ తరువాత ఒక్కసారిగా చీకటి. వైశాఖమాసపు ముహూర్తాలు మీదపడి ఉన్నాయి. రెండు పెళ్లిళ్ల వీడియోలకు గడువు దాటిపోయింది. ఒక స్టూడియో వారు "ఇంక వద్దులే బాబూ" అని చెప్పేశారు కూడాను. దుకాణంలో చూపిస్తే, మూత విప్పకుండానే, "బోర్డు పోయుంటుంది, కొత్తది తీసుకోండి" అన్నారట. కొత్తది లక్షా పదివేలు!

"ఒరే, కొబ్బరిచెట్టు కాపు తగ్గితే మీ నాన్న ముందు గొడ్డలి తీసేవాడా?" అని అడిగాను.

"లేదు మావయ్యా. మొదలు చూసేవారు, మొవ్వులో పురుగుందేమో చూసేవారు."

"మరి దీని మొదలు చూశారా?"

వాడు మాట్లాడలేదు. అక్కయ్య గాజుల చెయ్యి కొంగులోకి లాక్కుని, "అదేదో చూడరా ముందు" అన్నది.

చదువరులలో ఇటువంటి పెట్టె ఇంట్లో ఉన్నవారు చాలామందే ఉంటారు గనుక, మేము చూసిన వరుసలోనే చెబుతాను.

ఈ పెట్టెలో వేడి పుట్టే చోట్లు ముఖ్యంగా రెండు. లెక్కలు చేసే ప్రాసెసరు ఒకటి, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు ఒకటి. రెండూ తపాలాబిళ్లంత ఉంటాయి. పూర్వపు 60 వాట్ల బల్బు జ్ఞాపకమున్నది గదా? వెలుగుతుండగా దాన్ని ముట్టుకోగలిగేవాళ్లమా? బరువైన పని చేసేటప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్ అటువంటి బల్బులు రెండు మూడింటి కరెంటు తింటుంది. మీ ఛార్జరు తిరగేసి చూడండి, 180 అనో 230 అనో వాట్లు వేసి ఉంటుంది. తిన్న కరెంటంతా చివరకు వేడిగా బయటికి రావలసిందే. అదీ రెండు వేళ్ల మందం లేని పెట్టెలోనుంచి!

అందుకని చిప్పుల మీద రాగి పలక బిగించి, దానికి రాగి గొట్టాలు అతికిస్తారు. అవి ఉత్త కడ్డీలనుకునేరు, లోపల గుల్ల. గాలి తీసేసి, కొద్దిగా నీరు ఉంచి, మూతి మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు గనుక ఆ నీరు 100 డిగ్రీలు రాకముందే ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లని కొసకు పోయి, అక్కడ వేడి వదిలిపెట్టి, ఇడ్లీపాత్ర మూత కింది బొట్లలాగా మళ్లీ నీరవుతుంది. దీపపు వత్తి నూనె పీల్చినట్టు, గొట్టం లోపలి పూత ఆ నీటిని వెనక్కు పీల్చుకుంటుంది. ఆ చల్లని కొసన దువ్వెన పళ్లవంటి సన్నని రేకులుంటాయి. పంకా వాటి మధ్యనుంచి గాలి తోలి వేడిని బయటికి నెడుతుంది.

ఇది మన మురుగు కాలువ వంటిదే. కాలువ ఎంత బాగా తవ్వినా, చివర గుర్రపుడెక్క పట్టితే చేను మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధలలో మురుగు పోకపోవడమూ ఒకటి. పెట్టెలో మునిగేది వేడితో, అంతే తేడా.

ఇక ఆ చీకటి సంగతి. ప్రతి చిప్పుకూ దాని తయారీదారు ఒక హద్దు పెడతాడు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి అది 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. హద్దు దగ్గరపడగానే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మావాడు చూసిన నత్తనడక అదే. అప్పటికీ చల్లబడకపోతే పెట్టె ఆరిపోతుంది. కనుక ఆరిపోవడం చావు కాదు, ప్రాణం కాపాడుకోవడం. దీన్ని చూసి "బోర్డు పోయింది" అనడం, సొమ్మసిల్లిన మనిషికి పాడె కట్టడం వంటిది.

వేడి ఎంతో చూపే ఉచిత ప్రోగ్రాములున్నాయి. హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనేది వాటిలో ఒకటి. అది పెట్టి చూస్తే పది నిమిషాలలో 97 డిగ్రీలు! అప్పుడు గాలి బయటికి వచ్చే చిల్లుల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఈ పరీక్షకు కాణీ ఖర్చు లేదు, మీరూ చేయవచ్చు. గాలి వేడిగా ఉండి, బలం లేకుండా వస్తే రేకుల మధ్య దుమ్ము పట్టిందనీ, లేదా పంకా నీరసించిందనీ అర్థం. గాలి బలంగానే, చల్లగా వస్తూ, లోపల చిప్పు మాత్రం మండుతూ ఉంటే వేడి అసలు రేకులదాకా రావడం లేదన్నమాట. అప్పుడు చిప్పుకూ రాగి పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. మావాడి పెట్టెకు కుడివైపు గాలి వేడిగా, నీరసంగా వచ్చింది. ఎడమవైపు అసలు లేదు.

మరునాడు అమలాపురంలో, విప్పి చూసే అలవాటున్న ఒక కుర్రవాడి దగ్గరకు తీసుకుపోయాం. అడుగు మూత తీసి, ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, లోపల దీపం వేసి చూపించాడు.

"ఆయ్, బోర్డు శుభ్రంగానే ఉందండి. ఊపిరాడ్తం లేదండి దీనికి. మీ ఇంటి పక్కన పీచు మిల్లుందాండి?"

ఉన్నది! కొబ్బరి పీచు కొట్టే మిల్లు వాళ్ల దొడ్డిగోడ అవతలే. నాలుగేళ్లుగా ఆ పొట్టు, సముద్రపు తేమతో కలిసి, రేకులకు అడ్డంగా కంబళి ముక్కలాగా పేరుకున్నది. ఆ పొరను చిమటాతో ఒక్కపెట్టున ఊడదీశాడు. ఎడమ పంకా ఇరుసు అరిగి బిగుసుకుపోయింది. దానికి కొత్తది వేశాడు. కుడి పంకాను వేలితో కదలకుండా పట్టుకుని గాలి కొట్టాడు. అలా పట్టుకోకపోతే ఆ జోరుకు గిర్రున తిరిగి పంకా పాడవుతుందట. ఎండి పెళుసుబారిన పేస్టు తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి, మరలు బిగించాడు. మొత్తం 2,300 రూపాయలు. అదే వీడియో మళ్లీ నడిపిస్తే 82 దగ్గర నిలిచింది. పెట్టె ఆరిపోలేదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. బ్యాటరీ ఉబ్బి మూత గాని, వేలు ఆడించే పలక గాని పైకి లేచి ఉంటే వెంటనే వాడకం మానండి. దాన్ని గుచ్చవద్దు, నొక్కవద్దు, తెలిసినవారిచేత మార్పించండి. రెండవది, కొన్ని గేమింగ్ పెట్టెలలో పేస్టుకు బదులు ద్రవలోహం వాడతారు. అది కరెంటు పారే పదార్థం. బోర్డు మీద చుక్క పడితే నిజంగానే బోర్డు పోతుంది. అటువంటిది ఇంట్లో విప్పకూడదు.

ఆ కుర్రవాడు చేసినది సగమే. మిగిలిన సగం మనం ఇంట్లో చేయవలసినది. పేరుకు ఒళ్లో పెట్టుకునేది గాని, ఈ రకం పెట్టెను ఒళ్లోనూ పరుపు మీదా పెట్టకూడదు. అడుగు చిల్లులు మూసుకుపోతాయి. వెనుకవైపు రెండు చెక్కముక్కలు పెట్టి అంగుళం ఎత్తినా మేలే. ఆటలో క్షణానికి 144 బొమ్మలు అక్కర్లేదు, 60 చాలునని కట్టడి చేస్తే గ్రాఫిక్స్ చిప్పుకు పని తగ్గుతుంది. విండోసు పవర్ అమరికలో ప్రాసెసరు గరిష్ఠ స్థాయి 100 నుంచి 99కి దించితే, చాలా పెట్టెలలో చిప్పు తన అదనపు దూకుడు మానుతుంది. వేగం కొంత తగ్గుతుంది, వేడి చాలా తగ్గుతుంది.

"మా ఉక్కపోత వల్లనే ఇదంతా" అని అక్కయ్య అన్నది. సగమే నిజం. ఉక్క మనకు బాధ, ఎందుచేతనంటే మన ఒళ్లు చెమట ఆరితేనే చల్లబడుతుంది. యంత్రానికి చెమట లేదు. దానికి లెక్క గదిలో వేడి ఎంత అన్నదే. గది 26 డిగ్రీలకు బదులు 38 ఉంటే, లోపల చిప్పు కూడా సుమారుగా ఆ 12 డిగ్రీలూ ఎక్కుతుంది. తేమ చేసే హాని వేరు: దుమ్మును అతికిస్తుంది, ఉప్పుగాలితో కలిసి లోహాన్ని తింటుంది.

సరే, పెట్టె బతికింది. అంతమాత్రాన పడుచుదనం రాదు గదా. రెండు మూడేళ్లకైనా కొత్తది కొనక తప్పదు. అప్పుడు ఏది కొనాలన్నది మావాడి ప్రశ్న. "తరువాత పెంచుకోవడానికి వీలున్న ల్యాప్‌టాప్ కావాలి మావయ్యా" అన్నాడు. మంచి కోరికే. అయితే ఆ మాటకు అర్థం తెలుసుకుని కొనాలి.

చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మెమరీ, డిస్కు, బ్యాటరీ, పంకాలు మార్చుకోవచ్చు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు మాత్రం బోర్డుకు అతికించి ఉంటాయి. అవి ముసలివైతే పెట్టె ముసలిదైనట్టే. సన్నని నాజూకు రకాలలో మెమరీ కూడా అతికించేస్తున్నారు. కాబట్టి దుకాణంలో అడగవలసినవి మూడు: మెమరీకి గాడి ఉన్నదా, రెండో డిస్కుకు చోటున్నదా, పంకా, బ్యాటరీ విడిగా దొరుకుతాయా? 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. అటువంటి కాలంలో ఖాళీ గాడి ఉంటే ధర దిగేదాకా ఆగవచ్చు. అతికించినదైతే ఆ అవకాశమే లేదు.

గ్రాఫిక్స్ చిప్పును కూడా మార్చుకునే ల్యాప్‌టాప్ లేకపోలేదు. అమెరికాలో పుట్టిన ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ, 2024లో 16 అంగుళాల పెట్టెను కొన్నవారికి అందించడం మొదలుపెట్టింది. దాని గ్రాఫిక్స్ భాగం సొరుగులాగా ఊడివస్తుంది. 2025లో అదే పెట్టెకు కొత్త తరం గ్రాఫిక్స్ భాగాన్ని విడిగా ప్రకటించి, మాట నిలుపుకున్నది. ఫ్రాన్సులో 2021 నుంచి ల్యాప్‌టాప్‌ల మీద మరమ్మతుకు ఎంత అనువో తెలిపే మార్కు వేయాలని చట్టం. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని వేసి, ఆ డిసెంబరులో అందుకొక వెబ్‌సైటు తెరిచింది. మార్కు చీటీ మన దుకాణాలలోకి వచ్చేదాకా, అడిగి తెలుసుకోవలసినవాళ్లం మనమే.

కాని మావాడి పెట్టె ఇల్లు కదిలేది కాదు. అటువంటప్పుడు ల్యాప్‌టాప్ ఎందుకు? బల్ల కింద పెట్టే పెద్ద కంప్యూటరులో ప్రతి భాగమూ మరలతోనే ఉంటుంది. పంకా పెద్దది, గాలి ధారాళం, దుమ్ము దులపడం తేలిక. ఈ ఏడు కొంత, వచ్చే ఏడు కొంతగా మార్చుకుంటూ పోవచ్చు. దానితో వచ్చే చిక్కు కరెంటు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది, దీనికి లేదు. యూపీఎస్ ధర కూడా కలిపి లెక్క వేసుకోవాలి. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే వాడు చాలాసేపు ఆలోచించి, "ఒక్కసారిగా అప్పు అక్కర్లేదన్నమాట" అన్నాడు. తొలి పెళ్లి వీడియో డబ్బుల్లో వెయ్యి రూపాయలు పక్కన పెట్టాడు కూడా.

వద్దన్న స్టూడియో మాత్రం తిరిగి పిలవలేదు. నెల రోజులు ముందే మూత విప్పించి ఉంటే ఆ బేరం పోయేది కాదు. మిగిలిన పెళ్లి వీడియో గడువు దాటినా అందింది.

గాజులు అక్కయ్య చేతికే ఉన్నాయి. పెట్టె మీద ఆవిడకు కొత్తగా గౌరవం కూడా పుట్టినట్టున్నది. నేను బయలుదేరేవేళకు, వాడు వీడియో పెట్టి భోజనానికి లేస్తే, దుమ్ము పడకుండా దానిమీద తాను అల్లిన లేసు గుడ్డ కప్పుతున్నది! "అక్కయ్యా, కప్పు గాని, ఆపిన తరువాత కప్పు" అని చెప్పి, నా చేత్తోనే ఆ గుడ్డ తీసి బస్సుకు బయలుదేరాను.